పరీక్షలో మైండ్ బ్లాంక్ అయితే చదివింది పోయినట్టు కాదు

మెట్రిక్ పరీక్షలు దగ్గరపడితే చాలు, ఒడిశాలోని పర్లాకిమిడిలో నా గది ముందు బెంచీ మీద తల్లులే కనిపిస్తారు. కౌన్సెలింగ్‌లో పదిహేనేళ్లుగా వింటున్న మాట ఇదే: "మా గుంటడి బుర్రకి ఏటైపోయిందో మేడమ్, రాత్రి గడగడా అప్పజెప్పినాడు, పరీక్షలో అంతా మర్చిపోయినాడు." మొన్న ఒకావిడ సంచిలోంచి మూడు సీసాలు తీసి టేబుల్ మీద పెట్టింది. జ్ఞాపకశక్తికని ఒక పౌడర్, ఒక సిరప్, ఒక లేహ్యం. నెల సరుకుల డబ్బు వాటికే పోయింది.

అపోహ: టెన్షన్‌లో గుర్తు రాలేదంటే చదివింది తుడిచిపెట్టుకుపోయినట్టే.

వాస్తవం: కాదు. ఎక్కించుకోవడం, నిలబెట్టుకోవడం, పైకి తీయడం వేర్వేరు పనులు. భయం వేయగానే ముందు అడ్రినలిన్, ఆ వెనక కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. కార్టిసాల్ బాగా పెరగడానికి 20-30 నిమిషాలు పడుతుంది. అప్పుడు మెదడులో జ్ఞాపకాల పని చూసే హిప్పోక్యాంపస్ నుంచి జ్ఞాపకాన్ని పైకి తీయడం కష్టమవుతుంది. 1998లో ఎలుకలకు నీటితొట్టెలో దాగిన మెట్టు ఎక్కడుందో నేర్పి, తర్వాత పాదాలకు షాక్ ఇచ్చి చూశారు. అరగంటకు తొట్టెలో వదిలినవి తడబడ్డాయి. నాలుగు గంటలు ఆగి వదిలినవి మామూలుగానే వెతుక్కున్నాయి. అంటే జ్ఞాపకం ఉంది, ఆ కాసేపు అందలేదు, అంతే.

ఆ సీసాలు తెచ్చినావిడ కొడుక్కి మంచినీళ్లు ఇచ్చి, వాళ్ల ఊరి సంగతులు అడిగి, కాసేపయ్యాక ఆలోకశ్లేషణ, అంటే మన కిరణజన్య సంయోగక్రియ గురించి చెప్పమన్నాను. పరీక్షలో ఒక్క ముక్క రాయలేని ప్రశ్న అది. ఒడియాలో చదివిన పాఠం మొత్తం తెలుగులో చెప్పేశాడు. వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

సీసాల డబ్బు కన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. బుర్ర పోయిందనుకుని పిల్లల్ని రాత్రి మూడింటిదాకా టీ ఇచ్చి కూర్చోబెడుతున్నారు. పగలు చదివింది బాగా స్థిరపడేది నిద్రలో. ఆ నిద్రే తీసేస్తే ఇక నిలిచేదేముంది?

మిగతా అపోహలు క్లుప్తంగా. టెన్షన్ జ్ఞాపకాన్ని ఎప్పుడూ చెరుపుతుందన్నది తప్పు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పటి గాలి మోత మా అమ్మకి ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. ఆ హడావుడిలో రేషన్ కార్డు ఎక్కడ దాచిందో మాత్రం గుర్తులేదు. అన్నయ్య అది మతిమరుపన్నాడు, నాకు చాలా కోపం వచ్చింది. భయంలో, మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం అసలు ప్రమాదాన్ని గట్టిగా ముద్ర వేయిస్తుంది, చుట్టుపక్కల వివరాలు జారిపోతాయి. ఇక టెన్షన్‌తో మెదడు శాశ్వతంగా కుంచించుకుపోతుందని వాట్సాప్‌లో తిరిగేది నమ్మకండి. మూడు వారాల ఒత్తిడితో ఎలుకల్లో కురచబడిన నాడీకణాల కొమ్మలు ఒత్తిడి ఆపాక మళ్లీ పెరిగాయి. అలాగని నెలల తరబడి నిద్ర, ఆకలి లేకపోతే ఊరుకోవద్దు. డాక్టర్‌ని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితమే.

పుస్తకం మూసి, చూడకుండా రాయడం అలవాటు చేయించండి. అలా చదివినవాళ్లకి టెన్షన్‌లోనూ బాగా గుర్తొస్తుందని 2016లో ఒక ప్రయోగంలో తేలింది. పరీక్షలో బ్లాంక్ అయితే పెన్ను కింద పెట్టి, నెమ్మదిగా ఊపిరి వదిలి, వచ్చిన ప్రశ్న ముందు రాయమనండి.

రాత్రి పదింటికల్లా పడుకోబెట్టమంటే ఆ తల్లి, "పడుకుంటే ఎలాగ మేడమ్, రేపు లెక్కలు" అంది. లెక్కలు కాబట్టే పడుకోవాలమ్మా అని చెప్పి పంపాను.