సికిల్ సెల్ వాదంలోకి చిట్టెలుక జన్యువు ఎలా వచ్చింది

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ, అహేరి వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు మీద మాట మళ్లీ వేడెక్కింది. జన్యు చికిత్స వచ్చేసిందట, మన పిల్లలకెప్పుడని కొందరు అడుగుతున్నారు. అందరికీ రక్తపరీక్షలు చేసి, ఆ ఫలితం రాసిన కార్డులు చూసి పెళ్లిళ్లు చేసుకుంటే చాలని ఇంకొందరు అంటున్నారు. మధ్యలో రోజూ వేసుకోవాల్సిన హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్ సంగతి వెనక్కి పోతోంది.

జబ్బేమిటో గడ్చిరోలి వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు: హిమోగ్లోబిన్ జన్యువులో తప్పు వల్ల ఎర్రకణాలు కొడవలిలా వంగిపోతాయి, రక్తహీనత, నొప్పి దాడులు వస్తాయి. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. కడుపులోని బిడ్డకు ఉండే హిమోగ్లోబిన్ వేరు. పుట్టిన కొన్ని నెలలకు అది తగ్గిపోయి పెద్దల హిమోగ్లోబిన్ వస్తుంది, జబ్బు బయటపడేదీ అప్పుడే. ఆ శిశు హిమోగ్లోబిన్ ఎక్కువగా మిగిలిపోయినవాళ్లకు బాధ తక్కువ. ఒడిశా రోగుల్లో అది ఎక్కువని 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. దాన్ని పట్టుకుని మన దేశపు సికిల్ తేలికపాటిదనే మాట పుట్టింది. కానీ నాగపూర్ వైద్యులు చూసిన పిల్లల్లో తీవ్రమైన కేసులున్నాయి. ఆ మాట ఇంకా అనడం అన్యాయం.

శిశు హిమోగ్లోబిన్‌ను ఆపేది ఎవరు? జవాబు బీసీఎల్11ఏ అనే జన్యువు దగ్గర దొరికింది. చిట్టెలుకల్లో దాని మొదటి పేరు ఈవీఐ9, రక్తక్యాన్సర్ పరిశోధనలో బయటపడింది. 2003లో దాన్ని పూర్తిగా తీసేసి చూస్తే ఎలుకపిల్లలకు రోగనిరోధక శక్తికి కావాల్సిన బి కణాలే తయారుకాలేదు, పుట్టగానే చనిపోయాయి. మనుషుల్లో ఈ జన్యువు ఒక ప్రతి దెబ్బతింటే మేధో వికాసం కుంటుపడుతుంది, శిశు హిమోగ్లోబిన్ మాత్రం ఎక్కువగా ఉండిపోతుంది. మెదడుకూ రోగనిరోధక కణాలకూ కావాల్సిన జన్యువే రక్తంలో ఈ పని కూడా చేస్తోందన్నమాట.

అసలు మలుపు 2011. బోస్టన్‌లో శాస్త్రవేత్త స్టువర్ట్ ఆర్కిన్ బృందం మనిషి సికిల్ హిమోగ్లోబిన్ పెట్టిన చిట్టెలుకలను తీసుకుంది. ఎలుకకు మనలాంటి శిశు హిమోగ్లోబిన్ ఉండదు, అందుకే మనిషి జన్యువులు పెట్టాల్సి వచ్చింది. వాటిలో బీసీఎల్11ఏను ఎర్రకణాలు తయారయ్యే వరసలో మాత్రమే తొలగించారు. సికిల్ జన్యువు అలాగే ఉంది. అయినా శిశు హిమోగ్లోబిన్ పెరిగింది, రక్తహీనత పోయింది, ప్లీహం మామూలుకొచ్చింది. జబ్బును కలిగించే తప్పును ముట్టుకోకుండానే జబ్బును అణచవచ్చని తేలింది. 2013లో ఎర్రకణాల్లో మాత్రమే ఈ జన్యువును నడిపే చిన్న డీఎన్ఏ భాగం దొరికింది. మిగతా కణాలకు నష్టం లేకుండా అక్కడ కత్తిరించే దారి తెరుచుకుంది.

2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ అనే జన్యు చికిత్స పనిచేసేది ఆ దారిలోనే. ఫలితం చూసేంత కాలం గడిచిన 31 మందిలో 29 మందికి కనీసం వరుసగా ఏడాది పాటు తీవ్రమైన నొప్పి దాడి రాలేదు. కానీ రక్తాన్ని తయారుచేసే రోగి మూలకణాలు బయటికి తీయాలి, ల్యాబ్‌లో మార్చాలి, గట్టి కీమో ఇచ్చి ఎముక మజ్జ ఖాళీ చేయాలి, మళ్లీ ఎక్కించాలి. 2023లో అమెరికాలో దానికి పెట్టిన ధర 22 లక్షల డాలర్లు, అంటే అప్పటి లెక్కలో దాదాపు 18 కోట్ల రూపాయలు.

కార్డుల వాదాన్ని కొట్టిపారేయలేం. ఇద్దరు వాహకులు, అంటే తమకు జబ్బు లేకుండా సికిల్ జన్యువు ఒక ప్రతి మోసేవాళ్లు, పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు. 2023 జూలైలో మొదలైన సికిల్ సెల్ జాతీయ మిషన్ 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు లక్ష్యంగా పెట్టుకుంది. మంచిదే. అయితే ఇప్పటికే జబ్బుతో ఉన్న పిల్లకు పెళ్లి సలహా ఏం చేస్తుంది? ఆ పిల్ల తల్లిదండ్రులు అడుగుతున్నది మందు. 2011 ఎలుకల పాఠం వాళ్ల వైపే ఉంది: ఏ దారిలోనైనా శిశు హిమోగ్లోబిన్ పెరిగితే మేలు. హైడ్రాక్సీయూరియా చేసే ముఖ్యమైన పని అదే. 1995 నాటి అమెరికా పరీక్షలోనే అది పెద్దవాళ్ల నొప్పి దాడులను దాదాపు సగానికి తగ్గించింది. ధర కూడా ఆ కోట్లతో పోల్చదగింది కాదు.

చిక్కు సరఫరాలో, పర్యవేక్షణలో ఉంది. ఈ మందు వాడేవాళ్లకు రక్తకణాల లెక్క ఎప్పటికప్పుడు చూడాలి. సిరోంచ నుంచి గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. గోదావరి మీద వంతెన పడ్డాక తెలంగాణలోని వరంగల్ వైపు వెళ్లడమే చాలామందికి సులువైంది. అక్కడ రాసిన చీటీకి ఇక్కడ మందు ఇస్తారా, ఇక్కడి కార్డుకు అక్కడ పరీక్ష చేస్తారా అన్నది రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ కూర్చుని రాతపూర్వకంగా తేల్చాలి.