హెపటైటిస్ బి, లివర్ క్యాన్సర్: ఓపీలో నేను రోజూ వినే అపోహలు

గుట్కాతో క్యాన్సర్ వస్తుందంటే అందరూ నమ్ముతారు. వైరస్‌తో వస్తుందంటే నమ్మేవాళ్లు తక్కువ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ వైరసే కారణం. కాలేయ క్యాన్సర్ వెనక చాలాసార్లు హెపటైటిస్ బి గానీ, సి గానీ ఉంటుంది. నేను లివర్ డాక్టర్‌ని కాబట్టి రోజూ చూసే హెపటైటిస్ బి గురించే రాస్తున్నాను.

అపోహ: మందు ముట్టను, నాకు లివర్ క్యాన్సర్ ఎందుకు వస్తుంది?

వాస్తవం: మందు ఒక కారణం మాత్రమే. హెపటైటిస్ బి వైరస్ తన డీఎన్‌ఏ ముక్కలను మన కాలేయ కణాల డీఎన్‌ఏలో కలిపేయగలదు. అందుకే కొందరికి సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడిపోవడం) దశ రాకుండానే క్యాన్సర్ వస్తుంది. ఈ పని ఒక్క రోజులో జరగదు, ఏళ్లూ పూళ్లూ పడుతుంది. అన్నేళ్లూ ఒంట్లో బాధేమీ తెలియకపోవచ్చు.

అపోహ: కామెర్లు వచ్చాయి, పసరు మందు తాగాను, తగ్గిపోయాయి.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గిపోతాయి. పెద్దవాళ్లకు కొత్తగా సోకిన బి కూడా ఎక్కువమందిలో అలాగే పోతుంది. ఆ పేరు పసరుకు, పథ్యానికి వస్తుంది. కళ్లలో పచ్చదనం పోయింది కదా అని రక్తపరీక్ష చేయించుకోరు. కొందరిలో వైరస్ మాత్రం లోపలే ఉండిపోతుంది. పైగా కొన్ని ఆకు మందులు కాలేయాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. కామెర్లు వచ్చి తగ్గినవాళ్లు దయచేసి ఒక్కసారి హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష (ఒంట్లో హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేయించుకోండి. చాలా చిన్న పరీక్ష.

అపోహ: పాజిటివ్ వచ్చిందంటే క్యాన్సర్ ఖాయం.

వాస్తవం: కాదు. వైరస్ ఏ వయసులో సోకిందన్నది చాలా ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు సోకితే నూటికి ఐదుగురిలోపే అది శాశ్వతంగా ఉండిపోతుంది. అదే కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకితే, నూటికి 90 మంది బిడ్డల్లో ఉండిపోతుంది. అందుకే పుట్టిన 24 గంటల్లోపు వేసే టీకా గురించి మేం అంతగా పట్టుబడతాం. తల్లి పాజిటివ్ అయితే బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలు) ఇంజెక్షన్ కూడా ఇస్తాం. అవి పడ్డాక తల్లి నిశ్చింతగా పాలివ్వొచ్చు.

ఈ టీకాతో మనకొక అనుబంధం ఉంది. రీకాంబినెంట్ (జన్యువును వేరే కణంలో పెట్టి టీకా పదార్థాన్ని తయారుచేయించే) పద్ధతిలో దేశీయంగా తొలి హెపటైటిస్ బి టీకా తయారైంది హైదరాబాద్‌లోనే. 1997లో శాంతా బయోటెక్నిక్స్ దాన్ని తెచ్చింది. తైవాన్‌లో 1984లో పసిపిల్లలకు ఈ టీకా మొదలుపెట్టాక అక్కడి పిల్లల్లో కాలేయ క్యాన్సర్ తగ్గింది. ఒక టీకాతో ఒక క్యాన్సర్ తగ్గడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది.

అపోహ: పాజిటివ్ ఉన్నవాళ్లకు కంచం, గ్లాసు వేరు పెట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. కలిసి తింటే, పక్కన పడుకుంటే, బిడ్డను ఎత్తుకుంటే సోకదు. రక్తం, సూదులు, లైంగిక సంబంధం, కాన్పు, ఇవీ దారులు. రేజర్, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి. కోడలికి పాజిటివ్ అని తెలియగానే వంటింట్లోకి రానివ్వని ఇళ్లున్నాయి. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. బహుశా పుట్టినప్పుడే సోకి ఉంటుంది.

అపోహ: పాజిటివ్ వచ్చింది కదా, ఇప్పుడు టీకా వేయించుకుంటే పోతుంది.

వాస్తవం: సోకాక టీకా పనిచేయదు. టీకా కావాల్సింది ఇంట్లో నెగటివ్ వచ్చిన మిగతావాళ్లకు.

అపోహ: రిపోర్టు బాగుంది, మాత్రలు ఆపేయొచ్చు.

వాస్తవం: టెనోఫోవిర్, ఎంటెకవిర్ లాంటి మాత్రలు వైరస్‌ను అణచి ఉంచుతాయి, క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయి. వైరస్‌ను పూర్తిగా తుడిచెయ్యడం మాత్రం అరుదు. చెప్పకుండా ఆపేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభించి ప్రాణం మీదకు రావచ్చు. డబ్బు ఇబ్బందితో ఆపుతున్నట్టయితే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఈ మందులు ఉచితంగా ఇస్తున్నారు. ముప్పు ఎక్కువ ఉందని డాక్టర్ చెప్పినవాళ్లు మాత్రలు వాడుతున్నా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ మానొద్దు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే కనబడితే, ఆపరేషన్‌తో తీసేసే వీలు ఇంకా ఉంటుంది.