డోరిస్ మిల్లర్: సమాధి లేని నావికుడు, అతని పేరు పెట్టుకున్న పోస్ట్

అమెరికాలో చాలా ఊళ్ళలో మాజీ సైనికుల సంఘాలకు శాఖలుంటాయి, వాటిని పోస్ట్ అంటారు. పోస్ట్‌కి చాలాసార్లు యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని మనిషి పేరు పెడతారు. అలాంటి సంఘాల్లో ఒకటైన అమెరికన్ లీజియన్ అయితే బతికున్నవాళ్ళ పేరు పెట్టకూడదని నియమమే రాసుకుంది. లాస్ ఏంజెలెస్‌లో వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్ అనే ఇంకో మాజీ సైనికుల సంఘం శాఖ ఒకటి డోరిస్ మిల్లర్ పేరు పెట్టుకుంది. అతను ఆ ఊరివాడు కాదు, టెక్సస్‌లోని వేకోలో 1919లో పుట్టిన రైతు బిడ్డ.

1939లో నేవీలో చేరాడు. అప్పట్లో నల్లజాతివాళ్ళకి నౌకాదళంలో దొరికేది దాదాపుగా మెస్ పనే. అంటే అధికారులకి భోజనం వడ్డించడం, గదులు సర్దడం, బట్టలు చూడటం. తుపాకీ శిక్షణ ఉండదు.

1941 డిసెంబరు 7 ఉదయం పెర్ల్ హార్బర్‌లో, వెస్ట్ వర్జీనియా అనే యుద్ధనౌక మీద మిల్లర్ మాసిన బట్టలు పోగుచేస్తుండగా జపాన్ విమానాలు వచ్చిపడ్డాయి. బలిష్ఠుడు, ఓడలో బాక్సింగ్ ఛాంపియన్ కూడా, అందుకే చావుబతుకుల్లో ఉన్న కెప్టెన్ బెనియన్‌ని పక్కకి చేర్చడానికి అతన్ని పిలిచారు. తర్వాత, ఎవరూ ఎప్పుడూ నేర్పని మెషిన్ గన్ పట్టుకుని గుళ్ళు అయిపోయేదాకా విమానాల మీద కాల్చాడు, ఓడ మునుగుతుంటే గాయపడ్డవాళ్ళని లాక్కొచ్చాడు.

నాకు బాధ కలిగించేది దీని తర్వాతి సంగతి. నేవీ ప్రశంసల జాబితాలో అతని పేరే లేదు, గుర్తు తెలియని ఒక నీగ్రో అని మాత్రమే ఉంది. నల్లజాతివాళ్ళ పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్ పట్టు వదలకుండా వెతికి, 1942 మార్చిలో ఆ మనిషి మిల్లర్ అని బయటపెట్టింది. అత్యున్నతమైన మెడల్ ఆఫ్ ఆనర్ ఇవ్వాలని పౌరసంఘాలు అడిగాయి, నేవీ మంత్రి నాక్స్ ఒప్పుకోలేదు. చివరికి మే 27న అడ్మిరల్ నిమిట్జ్ అతనికి నేవీ క్రాస్ అనే పతకం గుచ్చాడు. ఆ పతకం అందుకున్న మొదటి నల్లజాతి అమెరికన్ అతనే. అదే ఏడాది జూన్ నుంచి నేవీ మెస్ కాకుండా ఇతర పనులకీ నల్లవాళ్ళని తీసుకోవడం మొదలుపెట్టింది. అది ఒక్కడి వల్లే జరిగిందని చెప్పను గానీ, ఆ ఒత్తిడిలో అతని పేరుకి పెద్ద భాగమే ఉందని నమ్ముతాను.

ఇంత జరిగినా మిల్లర్ వంటపనిలోనే ఉండిపోయాడు. 1943 నవంబరు 24 తెల్లవారకముందే గిల్బర్ట్ దీవుల దగ్గర జపాన్ జలాంతర్గామి టార్పెడో అతను పనిచేస్తున్న లిస్కమ్ బే నౌకకి తగిలి, లోపలి బాంబులు పేలాయి. అరగంట కూడా పట్టకుండా ఓడ మునిగిపోయింది, 640 మందికి పైగా చనిపోయారు. మిల్లర్ శరీరం దొరకలేదు. కొడుకు కనపడటం లేదన్న కబురు ఇంటికి చేరింది డిసెంబరు 7న, పెర్ల్ హార్బర్ దాడి జరిగి సరిగ్గా రెండేళ్ళకి. మరణించినట్టు నేవీ నిర్ధారించడానికి ఇంకో ఏడాది పట్టింది.

సమాధి లేదు కాబట్టి ఇలాంటి పోస్టులు, వేకోలోని పార్కు, బడులు, ఇవే అతని గుర్తులు. 2020 జనవరిలో విమానవాహక నౌక ఒకదానికి అతని పేరు ప్రకటించారు. అధికారి హోదా లేని నావికుడి పేరు అలాంటి ఓడకి పెట్టడం అదే మొదలు. కానీ 1942లో అడిగిన మెడల్ ఆఫ్ ఆనర్ అప్పటికీ రాలేదు. ఓడకి పేరు పెట్టడం మంచిదే, ఆ పతకం కూడా ఇచ్చి తీరాలి.