ఆ 92 సంగతి

చిన్నోడికి, పాపకు, మీతో పాటు చదువుకునే మీ స్నేహితులందరికీ నెల్లూరు నుంచి మీ జేజి రాసేది.

సంక్రాంతికి వచ్చినప్పుడు మీరిద్దరూ పెరట్లో మాట్లాడుకుంటుంటే నా చెవిన పడింది. "నాకు 92 అంట, వాడికి 118 అంట. ఇంక నేను ఎంపీసీ తీసుకుని ఏం లాభం?" అన్నాడు చిన్నోడు. స్కూలుకు ఎవరో వచ్చి గంటసేపు ఐక్యూ టెస్ట్ పెట్టారని, ఎవరికెంత వచ్చిందో క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టేశారని తర్వాత తెలిసింది. ఆ రోజు ఇంటి నిండా జనం, నేను మాట్లాడలేకపోయాను. కానీ ఆ మాట అప్పటినుంచి నా మనసులో నలుగుతూనే ఉంది. తిరుపతిలో సైకాలజీ చదివి, ముప్పై ఏళ్లు పిల్లలకు అలాంటి పరీక్షలు పెట్టినదాన్ని. కాబట్టి నాకు తెలిసింది మీకు చెప్పాలి.

మీ తాత వడ్లు అమ్మేటప్పుడు పుట్టి లెక్కన బేరం చేస్తాడు కదా. మన నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. వేరే జిల్లాకు పోతే పుట్టి అంటే ఆ బరువు కాదు. ఎవరైనా "పది పుట్లు పండింది" అంటే, ఏ ఊరి పుట్టి అని అడగాల్సిందే. 92 సంగతి కూడా అంతే. పరీక్ష తయారుచేసేవాళ్లు ముందుగా రకరకాల ఊళ్ల నుంచి, బళ్ల నుంచి చాలామంది పిల్లల్ని తీసుకుని, ఒక్కో వయసువాళ్ల సగటును 100గా పెట్టుకుంటారు. నీకు వచ్చిన మార్కులను ఆ సగటుతో పోల్చి చెప్పే అంకె అది. ఇప్పుడు ఎక్కువగా వాడే తెలివి పరీక్షల్లో నూటికి సుమారు 68 మంది 85కీ 115కీ మధ్యనే ఉంటారు. అంటే చిన్నోడా, నువ్వున్నది ఆ పెద్ద గుంపులోనే. ఇంతకీ ఆ సగటు ఎవరి పిల్లలది? మన తెలుగు పిల్లలదా, వేరే దేశం వాళ్లదా? ఎన్నేళ్ల కిందటిది? ఇవి తెలియకుండా 92ని పట్టుకుని ఏడవడానికి లేదు, 118ని చూసి మురిసిపోవడానికీ లేదు.

కల్లంలో తేమ చూసే మిషన్ మీరు చూశారు. ఒకే గుప్పెడు వడ్లకు అది ఒకసారి 17, వెంటనే ఇంకోసారి 21 చూపిస్తే ఆ మిషన్‌ను ఎవరూ నమ్మరు. మా చదువులో దీన్నే విశ్వసనీయత అంటారు. మళ్లీ కొలిస్తే దాదాపు అదే రావాలి. రెండోది సప్రమాణత, అంటే ఏది కొలవాలో దాన్నే కొలవడం. తేమ మిషన్ తేమను చెబుతుంది. ఆ బియ్యం వండితే ఎంత రుచిగా ఉంటుందో దాన్ని అడగకూడదు. గంటసేపు బొమ్మల క్రమాలు, లెక్కలు, మాటలు అడిగిన పరీక్ష ఆ పనులు ఆ రోజు నువ్వెలా చేశావో చెప్పగలదు. నీ పట్టుదల, ఇష్టం, ఇంజనీరింగ్‌లో నెగ్గుకొస్తావా లేదా అన్నది అది కొలవలేదు. పైగా ఎంత మంచి పరీక్షకైనా కొంత తేడా తప్పదు. ముందు రోజు జ్వరమో, నిద్ర లేకపోవడమో, టెన్షనో చాలు. అందుకే మేము రిపోర్టులో ఒక్క అంకె రాసి వదిలెయ్యం. 87కీ 97కీ మధ్య ఉండొచ్చు అన్నట్టు హద్దులు రాస్తాం. నీ కాగితంలో అలాంటిదేమన్నా ఉందా?

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఉదయగిరి వైపు నుంచి ఒక తండ్రి తన కూతురిని తీసుకొచ్చాడు. పన్నెండేళ్ల పిల్ల. బళ్లో ఆ పిల్లకు మందబుద్ధి అని ముద్ర వేశారట. అడిగిన ప్రశ్నను నేను ఇక్కడ మార్చి రాస్తున్నాను, ఎందుకంటే అసలు ప్రశ్నలు బయటపడితే తర్వాత వచ్చే పిల్లలకు ఆ పరీక్ష పనికిరాదు. "చిలగడదుంప ఎక్కడ పెరుగుతుంది?" లాంటిది అడిగాననుకోండి. పిల్ల నా మొహంలోకి చూసింది, గోటితో బల్ల అంచు గీకింది, తల దించుకుంది. పుస్తకంలో చెప్పినట్టు కాసేపు ఆగి సున్నా వేశాను. అలాంటివే ఐదారు సున్నాలు పడ్డాయి. మధ్యాహ్నం వరండాలో వాళ్ల నాయన టిఫిన్ డబ్బా మూత తీశాడు. ఉడకబెట్టిన దుంపలు. ఆ పిల్ల ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "గెణుసుగడ్డ మేడం, మా చేలోదే. నేనే తవ్వినా" అంది.

పొద్దున నేను సున్నా వేసిన ప్రశ్నకు జవాబు అది.

అలాగని ఆ సున్నా కొట్టేసి మార్కు వేయడానికి లేదు. అందరినీ అవే మాటలతో, అదే టైమ్‌లో అడిగితేనే ఆ సగటుతో పోల్చడానికి వీలవుతుంది. నా ఇష్టం వచ్చినట్టు మాటలు మార్చి మార్కులు కలిపితే అది ఏ ఊరి పుట్టీ కాదు. అయితే దానికీ ఒక పద్ధతి ఉంది. పరీక్ష మొత్తం నియమం ప్రకారం అయ్యాక, తప్పిన ప్రశ్నల్ని పిల్లల మాటల్లో మళ్లీ అడిగి, ఆ జవాబుల్ని విడిగా రాసుకోవచ్చు. మార్కుల్లో కలపం, కానీ రిపోర్టులో రాస్తాం. ఆ సాయంత్రం అదే చేశాను. మర్నాడు భాటియా పరీక్ష పెట్టాను. సి.ఎం. భాటియా అనే ఆయన ఉత్తరప్రదేశ్‌లో మన దేశపు పిల్లల కోసం తయారుచేసి 1955లో ప్రచురించిన పరీక్ష అది. రంగు చెక్కముక్కలతో నమూనా పేర్చడం, పెట్టెలో చెక్కల్ని జరపడం, గీతలు గీయడం, విడి ముక్కలు కలిపి బొమ్మ చేయడం లాంటి పనులుంటాయి. చదవడం రానివాళ్లకూ పెట్టొచ్చు. పెదవి కొరుక్కుంటూ ఒక్కో చెక్కను నాలుగు వైపులా తిప్పి చూసి, నమూనా కుదరగానే ఆ పిల్ల నా వైపు తలెత్తి చూసిన చూపు నాకింకా గుర్తుంది. వయసుకు తగ్గట్టే చేసింది. తర్వాత నోటుబుక్కులు చూశాం, టీచరుతో మాట్లాడాం, చెవి, కన్ను పరీక్ష చేయించాం. అసలు ఇబ్బంది అక్షరాలు కలిపి చదవడంలో ఉందని అప్పుడు తేలింది. దీన్నంతా కలిపి మదింపు అంటాం. పరీక్ష అందులో ఒక ముక్క.

ఇలాంటిదే 1970లో అమెరికాలో కోర్టుకెక్కింది. కాలిఫోర్నియాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడే తొమ్మిది మంది పిల్లలకు ఇంగ్లీషులో పరీక్ష పెట్టి, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల క్లాసుల్లో వేశారు. స్పానిష్‌లో మళ్లీ పెడితే వాళ్లలో ఎక్కువ మంది బుద్ధిమాంద్యం అని తేల్చే హద్దుకు పైనే ఉన్నారు. డయానా కేసు అంటారు. ఇకమీదట ఇంటి భాషలో కూడా పరీక్షించాలని అక్కడి రాష్ట్ర విద్యాబోర్డు ఆ కేసు రాజీలో ఒప్పుకోవాల్సి వచ్చింది.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఈ పరీక్షలు పుట్టింది పిల్లల్ని వడకట్టడానికి కాదు. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమన్ 30 అంశాలతో మొదటి పరీక్ష తయారుచేశారు. బళ్లో వెనకబడుతున్న పిల్లల్ని గుర్తించి, వాళ్లకు వేరే పద్ధతిలో చదువు చెప్పాలన్నది దాని ఉద్దేశం. తెలివి పుట్టుకతోనే ఖాయమైపోతుంది, ఇక పెరగదు అనేవాళ్లను బినే గట్టిగా ఖండించాడు. తర్వాతివాళ్లు ఆయన చేతి పరికరాన్ని తీసుకుని మనుషుల్ని గీతకు ఇటూ అటూ వేయడానికి వాడారు.

పాపా, నీ వేలిముద్రల రిపోర్టు కూడా చూశాను. ఒంగోల్లో మీ అత్త అంత డబ్బు కట్టి తెచ్చిందని తెలిసి మనసు చివుక్కుమంది. వేలిముద్రల గీతల్ని బట్టి ఏ కోర్సు తీసుకోవాలో చెప్పొచ్చు అనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. "కానీ జేజీ, అందులో రాసిందంతా నాకు సరిగ్గా సరిపోయింది" అన్నావు. 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే ప్రొఫెసర్ తన 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికీ విడిగా ఫలితం ఇచ్చాడు. ఎంత బాగా సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులోని వాక్యాలు ఎక్కువగా జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. "పైకి ధైర్యంగా ఉంటావు, లోపల దిగులు పడతావు" అంటే ఎవరికి సరిపోదు? చిలక జోస్యం కార్డులోనూ అదే ఉంటుంది. ఫోన్లో పది నిమిషాల్లో ఐక్యూ చెప్పేస్తామనే వాటినీ ఈ లెక్కలోనే వేసుకోండి.

ఇక మీ హక్కుల సంగతి. పరీక్ష ఎందుకు పెడుతున్నారో, ఫలితం ఎవరు చూస్తారో ముందే చెప్పాలి. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు అమ్మానాన్నలు సంతకం పెడతారు. అయినా మీకు అర్థమయ్యేలా చెప్పి, మీరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. మధ్యలో ఆపమని అడగొచ్చు. ఫలితాన్ని మీతో కూర్చుని వివరించాలి. మీ అనుమతి లేకుండా ఇంకొకరికి చూపించకూడదు. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడో, చట్టం చెప్పమన్నప్పుడో మాత్రమే ఆ గుట్టు విప్పుతాం, ఆ మాట కూడా మొదటే చెబుతాం. అంకెల్ని క్లాసు గ్రూపులో పెట్టినవాళ్లు ఎవరైనా సరే, పెద్ద తప్పు చేశారు. ఈ విషయం మీ నాన్న స్కూలుకు వెళ్లి మాట్లాడతాడు, నేనూ వెంట వస్తాను. పరీక్ష పెట్టే మనిషి క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకుంటే, భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. మీ స్నేహితుల్లో ఎవరైనా ఆ అంకె చూసి మరీ కుంగిపోతుంటే మానసిక సాయానికి ఫోన్ చేసే టెలిమానస్ నంబరు 14416 ఇవ్వండి. ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చిన్నోడా, ఆ కాగితం కోపంతో చించెయ్యకు. ఉగాదికి వచ్చేటప్పుడు తీసుకురా. పరీక్ష పేరేంటో, ఏ సంవత్సరం సగటుతో పోల్చారో, కింద ఎవరు సంతకం పెట్టారో ఇద్దరం కూర్చుని చూద్దాం. నీ లెక్కల నోటుబుక్కులు కూడా తెచ్చుకో. ఎంపీసీ సంగతి వాటిని ముందేసుకుని మాట్లాడదాం. మీ తాత మీకోసం మొలగొలుకుల బియ్యం విడిగా తీయించి పెట్టాడు.

ప్రేమతో,
మీ జేజి