ఫ్రీపోర్ట్ పడవ కోసం

చిన్నోడికీ, బంగారుతల్లికీ పెదనాన్న ఆశీస్సులు.

మొన్న సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు డాబా మీద మీరిద్దరూ వాదించుకుంటుంటే విన్నాను. "మా గేమ్ మ్యాప్ మీ గేమ్ మ్యాప్‌కి డబుల్ ఉంటుంది, కాబట్టి మాదే బెటర్" అన్నాడు చిన్నోడు. "అంత మ్యాప్ ఉండి ఏం లాభం? పావుగంట పరిగెత్తినా ఒక్కడూ తగలడు" అన్నావు నువ్వు, తల్లీ. తర్వాత ఇద్దరూ నా వైపు తిరిగి తీర్పు చెప్పమన్నారు. ఇంతలో కింద నుంచి మీ అమ్మ అరిసెలు తినడానికి రమ్మని కేకేసింది. మాట అక్కడే ఆగిపోయింది. ఇక్కడికి తిరిగొచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పాతికేళ్లకు పైగా ఇలాంటి ఆటలు ఆడుతున్నవాణ్ణి, రెండు ముక్కల్లో చెప్పలేను. అందుకే ఈ ఉత్తరం.

1999లో నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండేవాణ్ణి. కొత్తగా వచ్చిన తెలుగు కుర్రాళ్లం, ఒక అపార్ట్‌మెంట్లో నలుగురం. ఆ ఏడాది మార్చిలో ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆట వచ్చింది, అంటే మనమొక పాత్రని ఎంచుకుని ఎక్కడెక్కడివాళ్లతోనో కలిసి ఒకే లోకంలో తిరిగే ఆట. నెలకు దాదాపు 10 డాలర్లు కట్టాలి, ఫోన్ లైన్‌తోనే ఇంటర్నెట్. నేను ఆడుతున్నంతసేపూ ఇంటి నుంచి మీ నానమ్మ ఫోన్ చేస్తే ఎంగేజ్ వచ్చేది. మా పై అంతస్తులో ఉండే స్నేహితుడూ నేనూ ఒకే రోజు మొదలుపెట్టాం. ఆ లోకం పేరు నోరాత్. నేను వుడ్ ఎల్ఫ్ అనే కల్పిత అడవి జాతివాణ్ణి ఎంచుకున్నాను. వాళ్ల ఊరు కెలెథిన్, పెద్ద పెద్ద చెట్ల మీద పలకలు పరిచి కట్టిన ఊరు. వాడు మనిషిని ఎంచుకుని ఫ్రీపోర్ట్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. ఆట మొదలయ్యాక గానీ మాకు తెలియలేదు, ఆ రెండు ఊళ్ల మధ్య సముద్రం ఉందని.

మెట్లెక్కితే వాడి గది. ఆటలో మాత్రం వాడు వేరే ఖండంలో ఉన్నాడు.

ఒక శనివారం రాత్రి వాడి దగ్గరికి బయల్దేరాను. ఆటలో మ్యాప్ అనేదే లేదు. అడవి దాటి, బుచర్‌బ్లాక్ అనే కొండల్లో దారి తప్పి, కనపడిన ప్రతి అస్థిపంజరం నుంచీ పారిపోతూ, చివరికి రేవు చేరాను. పడవ లేదు. అక్కడ అప్పటికే కొందరు నిలబడి ఉన్నారు. ఏదో దేశంలో ఎవరి గదుల్లో వాళ్లు కూర్చుని, నాలాగే ఆ పడవ కోసం చూస్తున్న మనుషులు. ఒక మరుగుజ్జు వీరుడు తను చచ్చిన చోట్ల గురించి కథలు చెప్పాడు. ఒక డ్రూయిడ్, అంటే ప్రకృతి మంత్రాలు తెలిసిన పాత్ర, నేను అడక్కుండానే తోడేలులా వేగంగా పరిగెత్తే మంత్రం వేసింది, "ఫ్రీపోర్ట్‌లో దిగాక పనికొస్తుంది" అని. పడవ వచ్చింది, ఎక్కాం. కన్నీటి సంద్రం అని పేరున్న ఆ సముద్రంలో చిన్న చిన్న దీవులు దాటుతుంటే ఎవరికో నెట్ పోయి పడవ మీంచి మాయమయ్యాడు. మేమంతా అయ్యో అనుకున్నాం. ఫ్రీపోర్ట్ చేరేసరికి ఆటలోనూ రాత్రే. ఎల్ఫ్‌లకు చీకట్లో కళ్లు బాగా కనపడతాయి, మనుషులకు కనపడవు. రేవు మీద తడుముకుంటూ తిరుగుతున్న వాణ్ణి నేనే ముందు చూశాను.

ఆ రాత్రి నేను ఒక్క మాన్‌స్టర్‌ని చంపలేదు. ఒక్క లెవెల్ పెరగలేదు. అయినా నేను ఆడిన ఆటలన్నిటిలోకీ నాకు ఇప్పటికీ బాగా గుర్తున్న రాత్రి అదే.

ఇప్పుడు మీ ప్రశ్నకొస్తాను. నోరాత్ అంత పెద్ద లోకమా అంటే, కాదు. ముక్కలు ముక్కలుగా ఉండేది. ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి వెళ్తే స్క్రీన్ ఆగి లోడ్ అయ్యేది. ఇప్పటి ఆటల పక్కన పెడితే చిన్న పేటలాంటిది. మరి అంత పెద్దదిగా ఎందుకు అనిపించింది? నడక నెమ్మది, దారి తెలియదు, చస్తే మన సామానంతా ఆ శవం దగ్గరే ఉండిపోతుంది, వెనక్కి వెళ్లి తెచ్చుకోవాలి. అంటే ప్రతి మైలుకీ మనం ఏదో ఒకటి ఖర్చు పెడుతున్నాం: సమయమో, ధైర్యమో. దూరం ఉండటం వేరు, దూరం తెలియడం వేరు. చిన్నోడా, నీ ఆట మ్యాప్ ఎన్ని కిలోమీటర్లో చెప్పావు గానీ, అందులో దూరం నీకెప్పుడైనా తెలిసిందా?

దూరం తెలిసిన చోట ఇంకో వింత జరుగుతుంది. మనుషులకు పనులు పుడతాయి. ఎవర్‌క్వెస్ట్‌లో డ్రూయిడ్లకూ విజార్డులకూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి క్షణంలో చేర్చే మంత్రాలుండేవి. వాళ్లు ఆటో డ్రైవర్లలా బేరాలు చేసుకునేవాళ్లు, ఇంత బంగారం ఇస్తే ఫలానా చోట దింపుతామని. ఈస్ట్ కామన్‌ల్యాండ్స్ అనే మైదానంలో ఒక సొరంగం ఉంది. అక్కడ సంత పెట్టమని ఆట తయారుచేసినవాళ్లు ఎవరికీ చెప్పలేదు. దారిలో ఉంది కాబట్టి జనమే అక్కడ ఆగి, కత్తులూ కవచాలూ కేకలేసి అమ్ముకునేవాళ్లు. మన ఊరి ఆదివారం సంతకూ దానికీ తేడా లేదు.

2001 చివర్లో వచ్చిన కొత్త భాగంలో బజార్ అని ప్రత్యేకంగా ఒక అంగడి పెట్టారు. మన సరుకు అక్కడ పెట్టి, మనం నిద్రపోయినా అమ్ముడవుతుంది. 2002లో ఇంకో భాగం వచ్చింది. అందులో ఒక నగరం మధ్యలో పుస్తకాలు పెట్టారు, ముట్టుకుంటే ఏ ఊరికైనా వెళ్లిపోవచ్చు. చాలా సౌకర్యం. నేనూ సంతోషించాను. కానీ కొన్నాళ్లకి ఆ సొరంగం బోసిపోయింది. రేవులో పడవ కోసం నిలబడేవాళ్లు లేరు. హైవేకి బైపాస్ పడ్డాక ఊరి మధ్యలో టీ కొట్లకి బేరం పోయినట్టే. భూమి అంతకుముందు కన్నా పెరిగింది, పిల్లలూ. లోకం మాత్రం చిన్నదైపోయింది.

ఇదే కథ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఇంకో ఆన్‌లైన్ ఆటలో మళ్లీ జరిగింది. 2004 నవంబర్‌లో అది వచ్చినప్పుడు, ఒకే ఖండంలో ఈ చివరి నుంచి ఆ చివరికి లోడింగ్ లేకుండా నడిచి వెళ్లగలగడం మాకు అద్భుతం. సొంత గుర్రం కావాలంటే 40వ లెవెల్ దాకా ఆగాలి. అప్పటిదాకా కాళ్లే గతి. 2009 డిసెంబర్‌లో ఒక బటన్ పెట్టారు. అది నొక్కితే తెలియని నలుగురితో కలిపి నేరుగా గుహలో దింపుతుంది. పని అయ్యాక ఎవరి దారి వాళ్లది, నమస్తే కూడా ఉండదు. మరుసటి ఏడాది చివర్లో పాత ఖండాల మీద కూడా ఎగిరే జంతువుల్ని అనుమతించారు. ఎగురుతుంటే కింద అడవి ఎంత పెద్దదైతే ఏం, అదొక పచ్చ దుప్పటి.

ఆ తర్వాత 2014లో కొత్త ఖండం తెచ్చి, ఇందులో ఎగరడం లేదన్నారు. ఆటగాళ్లు గట్టిగా ఎదురుతిరిగారు. చివరికి 2015లో ఒక రాజీ కుదిరింది: ముందు నేల మీద ఆ ఖండమంతా తిరిగి, పనులు పూర్తి చేస్తే, అప్పుడు రెక్కలు ఇస్తామన్నారు. నాకు ఇది చాలా నచ్చిన పరిష్కారం. నడిచి చూసిన నేల మీద ఎగిరితే ఆ మలుపులన్నీ పైనుంచి గుర్తుపడతాం, నడవకుండా ఎగిరితే ఏమీ తెలియదు. 2019 ఆగస్టులో అదే ఆట పాత రూపాన్ని క్లాసిక్ పేరుతో మళ్లీ విడుదల చేస్తే, లాగిన్ అవడానికే క్యూలో గంటలు నిలబడ్డారు జనం. రెక్కలూ లేవు, ఆ బటనూ లేదు. తెలిసే వచ్చారు.

బంగారుతల్లీ, నీ మాట కూడా నిజమే. పావుగంట పరిగెత్తినా మనిషి తగలకపోతే అది లోకం కాదు, బీడు. ఒంటరిగా ఆడే ఆటలో ఖాళీ మైదానం అందంగా ఉండొచ్చు, ప్రశాంతంగా ఉండొచ్చు. ఆన్‌లైన్ ఆటకు వచ్చేదే మనుషుల కోసం. నువ్వు ఆడే బీజీఎంఐనే చూడు. అది రోల్ ప్లేయింగ్ ఆట కాదు గానీ ఈ లెక్క చెప్పడానికి బాగా పనికొస్తుంది. అందులో ఎరాంగెల్ అనే మ్యాప్ 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. శాన్‌హాక్ అనే ఇంకో మ్యాప్ 4 కిలోమీటర్లు, 4 కిలోమీటర్లు. రెండింటిలోనూ దిగేది 100 మందే. అంటే శాన్‌హాక్‌లో మనుషులు నాలుగింతలు చిక్కగా ఉంటారు. పైగా ప్రాణాలతో ఉండగలిగే జోన్ తగ్గుకుంటూ వచ్చి అందరినీ ఒక్క చోటికి తోస్తుంది. పెద్ద మ్యాప్ ఇచ్చి, దాన్ని వాళ్లే చిన్నది చేస్తున్నారంటే ఎందుకంటావు? లేకపోతే ఎవరి మూల వాళ్లు దాక్కుంటారు, ఆట నడవదు.

అన్నిటికన్నా పెద్ద లోకం సంగతి చెప్తాను. 2016లో నో మ్యాన్స్ స్కై అని వచ్చింది. అందులో గ్రహాల సంఖ్య 18,446,744,073,709,551,616. 64 రెండ్లని ఒకదానితో ఒకటి గుణించుకుంటూ పోతే వచ్చే సంఖ్య. గ్రహాలు మనుషులు గీసినవి కావు, ఒక సూత్రం ప్రకారం కంప్యూటర్ పుట్టించేవి. విడుదలైన కొత్తలోనే ఇద్దరు ఆటగాళ్లు వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరారు. ఒకరికొకరు కనపడలేదు. అప్పటికి ఆ ఆటలో ఒకరినొకరు చూసుకునే ఏర్పాటే లేదు. 2018లో గానీ కలిసి ఆడే ఏర్పాటు సరిగ్గా రాలేదు. తర్వాత ఆ ఆట ఎంతో బాగుపడింది, ఎంతోమంది ఇష్టంగా ఆడుతున్నారు. కానీ ఆ ఇద్దరూ ఒకే చోట నిలబడి ఎవరూ లేరనుకోవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. నేను ఫ్రీపోర్ట్ రేవులో దిగి నా స్నేహితుణ్ణి చూసుకోలేకపోయుంటే?

అలాగని పెద్ద లోకంలో జనం చెల్లాచెదురైపోతారనీ అనుకోకండి. ఐస్‌లాండ్‌లో తయారైన ఈవ్ ఆన్‌లైన్ 2003 నుంచి నడుస్తోంది. అది అంతరిక్షంలో జరిగే ఆట, ఏడు వేలకు పైగా నక్షత్ర వ్యవస్థలున్నాయి, దాదాపు అందరూ ఒకే సర్వర్‌లో ఉంటారు. అంత ఆకాశం ఉన్నా వ్యాపారంలో ఎక్కువ భాగం జీటా అనే ఒక్క చోట పోగైంది. ఇదే అంగడి అని ఎవరూ నిర్ణయించలేదు, జనమే చేరారు. మిగతా ఆకాశం దండగా అంటే, కాదు. ఎక్కడో తవ్విన ఖనిజాన్ని జీటా దాకా తేవాలి, దారిలో దొంగలుంటారు, అందుకే దానికి ధర. ఆ ఖాళీ లేకపోతే జీటాకి అర్థమే లేదు. ఈ ఒక్క ఆటలో చిన్నోడి మాట, నీ మాట రెండూ ఒకేసారి నిజం.

చిన్న లోకాలు బాగుండవని కూడా నేను అనను. 2005లో వచ్చిన గిల్డ్ వార్స్‌లో ఊళ్లలో మాత్రమే అందరూ కలుస్తారు. ఊరి గేటు దాటితే మన జట్టు తప్ప ఇంకెవరూ ఉండరు. చూసిన ఊరికి మ్యాప్ మీద ఒక్క క్లిక్‌తో వెళ్లిపోవచ్చు. నేను చెప్పిన దానికంతా పూర్తిగా వ్యతిరేకం. అయినా దాన్ని రెండేళ్లు ప్రేమగా ఆడాను. అప్పటికి నాకు పెళ్లయింది, ఉద్యోగంలో టెన్షన్ పెరిగింది, రాత్రి గంట దొరికితే ఎక్కువ. ఆ గంటలో పడవ కోసం నిలబడలేను. మీకూ ట్యూషన్లూ పరీక్షలూ ఉంటాయి. దూరం తెలియాలంటే తీరిక కావాలి. తీరిక లేనివాడికి ఆ దూరమే శిక్ష. ఇందులో తప్పొప్పుల్లేవు, మీ దగ్గర ఎంత సమయముందో దాన్ని బట్టి.

కాబట్టి కొత్త ఆట ట్రైలర్‌లో "ఇన్ని చదరపు కిలోమీటర్లు" అని చూపిస్తే, చిన్నోడా, కాసేపు ఆగు. అది పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు, కానీ నీకు కావలసిన సంగతి అది కాదు. ఆ చివరకు నేనెందుకు వెళ్తాను, దారిలో ఎవరు తగులుతారు, మధ్యలో ఆగితే ఏం దొరుకుతుంది అని అడుగు. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో ఇంటి స్థలాలు అయిపోయి జనం ఖాళీ జాగా కోసం రోజుల తరబడి తిరిగేవాళ్లు. లోకం ఇరుకైనందుకే అందులో ప్రతి గజానికీ విలువ వచ్చింది. తీర్పు అడిగారు కాబట్టి చెప్తున్నాను: నేల కన్నా జనం ముఖ్యం, జనం కలవాలంటే దారులుండాలి, దారి కొంచెం కష్టంగా ఉండాలి. అందుకు కావలసినంత పెద్ద లోకం చాలు. అంతకు మించి ఎంత ఇచ్చినా అది ఎడారే.

వేసవి సెలవుల్లో నేను వస్తున్నాను. ఎవర్‌క్వెస్ట్ ఇప్పటికీ నడుస్తోంది. పాతకాలంలో ఎలా ఉండేదో అలాగే కొందరు అభిమానులు ఒక సర్వర్ నడుపుతున్నారు, అందులో పడవ కూడా ఉంది. చిన్నోడు ఫ్రీపోర్ట్‌లో పుట్టాలి, నువ్వు కెలెథిన్‌లో పుట్టాలి తల్లీ. ఫోన్‌లో దారి వెతకడాలు ఉండవు. తెల్ల కాగితాలూ పెన్సిలూ తీసిపెట్టండి, మ్యాప్ మీరే గీసుకుందురుగాని. నేను మధ్యలో, బుచర్‌బ్లాక్ రేవు మీద నిలబడి ఉంటాను.

ప్రేమతో,
మీ పెదనాన్న