ఆరు రోజుల లోటు, ఒక్క ఆదివారం

వారంలో ఆరు రోజులు నోరు కట్టుకుని, ఏడో రోజు మనసుకు నచ్చిందల్లా తినడాన్ని ఇప్పుడు చీట్ డే అంటున్నారు. పేరు కొత్తదే గానీ, శనివారం సింహాచలం అప్పన్న పేరు చెప్పి ఒక్కపొద్దు ఉండి ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కు సంచి పట్టుకెళ్లే విశాఖ ఇళ్లకు ఈ లయ కొత్త కాదు. బరువు తగ్గాలనుకునేవాళ్లు ఈ లయను నమ్ముకున్నప్పుడు ఏం జరుగుతుందో అంకెల్లో చూడాలి. ఎందుకంటే ఈ విషయంలో నాలుకకంటే ఎక్కువగా మోసపోయేది తూకం చూసే కన్ను.

ఎంవీపీ కాలనీలో ఉండే 42 ఏళ్ల గృహిణి అనుకుందాం. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా ఆమె శరీరానికి రోజుకు సుమారు 1280 కెలోరీలు కావాలి. ఇంటిపని, కాస్త నడక కలిపితే 1800. ఆమె రోజుకు 1400 తింటే 400 లోటు. ఆరు రోజులకు 2400. మన ఒంటి కొవ్వు కిలోకు దాదాపు 7700 కెలోరీలు కాబట్టి, ఆరు రోజుల కష్టానికి వచ్చే ఫలం 310 గ్రాములు. ఇది మంచి వేగమే. ఇక ఆదివారం సంగతి చూద్దాం.

పొద్దున్న నాలుగు పూరీలు, బంగాళదుంప కూర: 600. రెండు కాఫీలు: 100. మధ్యాహ్నం ఒక సింగిల్ చికెన్ బిర్యానీ: 1100. ఈ అంకె ఎక్కువనిపిస్తే విడగొట్టి చూడండి. 400 గ్రాముల అన్నానికి 520, ముక్కలకు 250, అందులో పట్టిన నూనె, నెయ్యి 35 గ్రాములకు 315. పక్కన రొయ్యల వేపుడు 300, చల్లటి కూల్‌డ్రింక్ 130, ఐస్‌క్రీమ్ 250. సాయంత్రం బీచ్‌కు వెళ్తే మూడు మిరపకాయ బజ్జీలు 350, మురీ మిక్చర్ పొట్లం 250. రాత్రి రెండు పరోటాలు, కూర 800. ఎవరో మాడుగుల నుంచి తెచ్చిన హల్వా ఒక ముక్క, 50 గ్రాములు, 220. మొత్తం 4100. ఇందులో వింత తిండి ఏదీ లేదు. ఎవరూ దీన్ని తిండిపోతుతనం అనరు. కానీ ఆమె అవసరం 1800 కాబట్టి 2300 ఎక్కువైంది. వారమంతా కూడబెట్టిన 2400లో మిగిలింది వంద. అంటే 13 గ్రాములు, మూడు చిన్న చెంచాల నూనె బరువు. అదనంగా తిన్నదాన్ని అరిగించడానికి అయ్యే ఖర్చు తీసేసినా మరో 30 గ్రాములు కలుస్తాయి, అంతే.

"నడిచి కరిగించేస్తా" అనేవాళ్ల కోసం ఊళ్లోనే ఒక కొలబద్ద ఉంది. ఆషాఢ పౌర్ణమికి చేసే సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. 68 కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటి ఖర్చు మీద అదనంగా కరిగేది 45 కెలోరీల దరిదాపు. కొండ చుట్టూ పూర్తిగా తిరిగి వచ్చినా 1440 దగ్గరే. పైన లెక్కేసిన ఆదివారం మిగులు 2300 కదా, రాత్రంతా నడిచినా అది పూర్తిగా తీరదు. నడక గుండెకు, చక్కెరకు, నిద్రకు చేసే మేలు చాలా గొప్పది. దాన్ని బిర్యానీ అప్పు తీర్చే కూలీగా మాత్రం చూడకండి.

చీట్ డే గురించి ఎక్కువగా చెప్పుకునే సమర్థన ఇది: తక్కువ తింటూ పోతే శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది, మధ్యలో ఒకరోజు దండిగా తింటే మెటబాలిజం, అంటే ఒంట్లో శక్తి ఖర్చయ్యే వేగం, మళ్లీ రాజుకుంటుంది. ఇందులో సగం నిజం. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి, దాన్ని 1994లో కనుగొన్నారు. తిండి తగ్గితే అది పడిపోతుంది, ఆకలి పెరుగుతుంది. దండిగా తింటే లేస్తుందన్నదీ నిజమే. స్విట్జర్లాండ్ పరిశోధకులు 2000 సంవత్సరంలో ఆరోగ్యవంతులైన మహిళలకు మూడు రోజులపాటు అవసరానికి మించి 40 శాతం ఎక్కువ తిండి పెట్టారు. ఆ అదనం పిండిపదార్థం అయినప్పుడు లెప్టిన్ 28 శాతం, రోజు మొత్తం శక్తి ఖర్చు 7 శాతం పెరిగాయి. అదనం కొవ్వు అయినప్పుడు ఆ పెరుగుదల కనిపించలేదు. ఇప్పుడు మన గృహిణికి అన్వయించండి. 1800లో 40 శాతం అంటే 720 ఎక్కువ తినాలి. 7 శాతం అంటే 126 ఎక్కువ కరుగుతుంది. 720 పెట్టుబడికి 126 రాబడి. పైగా మన ఆదివారం పళ్లెంలో అదనంగా చేరేది ఉత్త అన్నం కాదు, నూనె.

ఆ నూనె దారి వేరు. ఒకే పూట అన్నం, నూనె రెండూ ఎక్కువగా తింటే శరీరం ముందు పిండిపదార్థాన్ని ఖర్చు చేస్తుంది. దాన్ని దాచే చోటు చిన్నది: కాలేయంలో వంద గ్రాములు, కండరాల్లో నాలుగైదు వందల గ్రాములు, గ్లైకోజెన్ అనే నిల్వ రూపంలో. అన్నాన్ని కొవ్వుగా మార్చే పని మనిషి ఒంట్లో సాధారణంగా తక్కువే జరుగుతుంది. కానీ అన్నం మండుతున్నంతసేపూ కొవ్వు మండాల్సిన అవసరం రాదు. దాంతో తిన్న నూనె కొన్ని గంటల్లోనే నేరుగా కొవ్వు కణాలకు చేరుతుంది, పెద్ద మార్పూ అక్కర్లేకుండానే. "అన్నం వల్లే లావవుతున్నా" అనుకునేవాళ్లు ఒక్కసారి పళ్లెం అడుగున మిగిలిన నూనెను చూడాలి.

ఇక సోమవారం తూకం. ఆదివారం ఉదయం 68.0 చూపిన యంత్రం సోమవారం 69.8 చూపిస్తుంది. రెండు కిలోల కొవ్వు ఒక్కరోజులో చేరాలంటే 15,000 కెలోరీలు ఎక్కువ తినాలి, అది మనిషికి సాధ్యం కాదు. పెరిగింది నీరు. ఆరు రోజులు తక్కువ తిన్నాక ఖాళీ అయిన గ్లైకోజెన్ మళ్లీ నిండుతుంది. ఒక గ్రాము గ్లైకోజెన్ తనతో మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. 250 గ్రాములు నిండితే నీటితో కలిపి కిలో. బిర్యానీ, వేపుడు, బజ్జీల్లోని ఉప్పు రెండోది. రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలన్న ఉప్పు ఇలాంటి రోజున సులభంగా పది దాటుతుంది. మన ఒంటి ద్రవాలు లీటరుకు 9 గ్రాముల ఉప్పుతో సమానమైన గాఢతలో ఉంటాయి. అందుకే ఒంట్లో నిలిచిన 4.5 గ్రాముల అదనపు ఉప్పు అర లీటరు నీటిని ఆపుతుంది. మిగతా బరువు పేగుల్లో ఇంకా ఉన్న తిండిది.

ఈ నీరు బుధ, గురువారాల కల్లా దిగిపోతుంది. అసలు పొరపాటు పుట్టేది ఇక్కడే, అదీ రెండు రకాలుగా. కొందరు సోమవారం అంకె చూసి బెదిరిపోయి రెండు రోజులు మజ్జిగ మీద ఉంటారు. బుధవారానికి ఆకలి తట్టుకోలేక పడిపోతారు. మరికొందరు గురువారం దాకా ఆగి, 69.8 నుంచి 68.0కు దిగిన అంకె చూసి పొంగిపోతారు. "చూశారా, చీట్ డే పెట్టాకే బరువు దిగింది, మెటబాలిజం పెరిగింది" అంటారు. దిగింది ఆదివారం ఎక్కిన నీరే. వాళ్లు నాలుగు నెలలు ప్రతి వారం 'దిగుతూ'నే ఉంటారు, 68 దగ్గరే ఉంటారు. మా దృష్టిలో ఈ రెండో పొరపాటే ప్రమాదకరం, ఎందుకంటే అది సంతోషంగా ఉంటుంది.

దీనికి మందు సులువైనదే. రోజూ ఉదయం, మూత్రవిసర్జన అయ్యాక, కాఫీకి ముందు, అదే యంత్రం మీద, పలుచటి బట్టలతో బరువు చూడండి. ఏడు అంకెలూ కూడి ఏడుతో భాగించండి. ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చండి. ఇంకే రోజునూ ఇంకే రోజుతోనూ పోల్చవద్దు. నెలసరి వచ్చే స్త్రీలకు ఆ ముందు వారం నీరు అదనంగా చేరుతుంది గనుక నాలుగు వారాల కిందటి సగటుతో పోల్చుకోవడం మేలు. రోజూ అంకె చూస్తే మనసు కుంగేవాళ్లు శుక్రవారం ఒక్కసారే చూసినా చాలు. సోమవారం ఒక్కటి మాత్రం వద్దు.

మరి ఆదివారాన్ని పూర్తిగా వదులుకోవాలా? అక్కర్లేదు. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ఒక జట్టుకు రోజుకు 1500 కెలోరీలు ఇచ్చారు. ఇంకో జట్టుకు ఆరు రోజులు 1300, ఏడో రోజు 2700. రెండు వారాల తరవాత బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, కానీ రెండో జట్టువాళ్లకు పట్టుదల బాగా నిలిచింది. కూడి చూడండి: రెండు జట్లకూ వారానికి 10,500. అక్కడ పండగ రోజుకు కావాల్సిన సొమ్మును ముందే పక్కన పెట్టారు. మనం సాధారణంగా చేసేది అప్పు. పైగా ఆ అప్పుకు పద్దు కూడా రాయం. 1992లో న్యూయార్క్‌లో, ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పిన స్థూలకాయులను పరిశీలిస్తే, తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా చెప్పారని తేలింది. వాళ్లు అబద్ధం ఆడలేదు. నూనె, కొసరు, రుచి చూసిన ముక్క ఎవరికీ గుర్తుండవు.

అందుకే చీట్ డే బదులు చీట్ పూట పెట్టుకోమంటాం. అదే గృహిణి, అదే ఆదివారం. పొద్దున్న రెండు పెసరట్లు, అల్లం చట్నీ: 350. మధ్యాహ్నం అదే సింగిల్ బిర్యానీ, పూర్తిగా, తరవాత ఐస్‌క్రీమ్: 1350. సాయంత్రం మురీ మిక్చర్: 250. రాత్రి రెండు పుల్కాలు, తోటకూర పప్పు: 300. ఒక కాఫీ 50. మొత్తం 2300, అంటే 500 మిగులు. వారం లోటు 1900, తగ్గేది సుమారు 250 గ్రాములు. నెలకు కిలో. మొదటి ఆదివారంతో నెలకు 50 గ్రాములు. రెండింటిలోనూ బిర్యానీ ఉంది.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా తెలియాలి. మధ్యాహ్నం బిర్యానీ ఉంది కదా అని పొద్దున్న ఏమీ తినకుండా వెళ్లడం మొదటిది. ఖాళీ కడుపుతో కూర్చుంటే స్టార్టర్ల దగ్గరే 500 దాటిపోతుంది. పెసరట్టుగానీ మూడు గుడ్లుగానీ తిని వెళ్లాలి, మాంసకృత్తులకే ఆకలిని ఎక్కువసేపు ఆపే శక్తి ఉంది. రెండోది, అనుకున్నదానికంటే ఒక గులాబ్‌జామ్ ఎక్కువ తిన్నాక వచ్చే 'నిండా మునిగాక చలేమిటి' అన్న ఆలోచన. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు 1975లోనే దీన్ని ప్రయోగంలో చూశారు. నోరు కట్టుకునేవాళ్లకు ముందుగా మిల్క్‌షేక్ తాగిస్తే, తరవాత ఐస్‌క్రీమ్ తగ్గించాల్సింది పోయి మరింత తిన్నారు. ఒక జామూన్ 150 కెలోరీలు. అక్కడ ఆగితే నష్టం 20 గ్రాములు. నష్టమంతా ఆ తరవాత తినేదాంట్లోనే ఉంటుంది. మూడోది, మిగిలిన బిర్యానీ, హల్వా డబ్బా సోమవారం దాకా ఫ్రిజ్‌లో ఉండటం. చీట్ పూటకు కావాల్సినంతే కొనండి, పెద్ద ప్యాక్ చవక అన్న మాటకు లొంగకండి. మందు కూడా లెక్కలోకి రావాలి. 60 మిల్లీలీటర్ల విస్కీ 140 కెలోరీలు, దాని పక్కన చేరే వేరుశనగలు 50 గ్రాములకు 280.

వారం వారం ఆదివారానికి మనసు విలవిల్లాడుతోందంటే తప్పు ఆదివారానిది కాదు, మిగతా ఆరు రోజులదై ఉండొచ్చు. 1800 కావాల్సిన ఒంటికి 1000 పెడితే ఏడో రోజు అది వడ్డీతో వసూలు చేస్తుంది. అప్పుడు చేయాల్సింది రోజువారీ లోటును 300కు తగ్గించి, పళ్లెంలో చేపో గుడ్డో పప్పో పెంచడం. ఆదివారం ఇంట్లో చందువ పులుసు చేసుకుంటే నూనె మీ చేతిలోనే ఉంటుంది. మూకుడులో నేరుగా వంచకుండా చెంచాతో కొలిచి వేయండి, చిన్న చెంచాకు 40 కెలోరీలు.

ఇన్సులిన్‌గానీ, గ్లైమెపిరైడ్ లాంటి మాత్రలుగానీ వాడే మధుమేహులు విందు కోసం ఒక పూట మానేయడం, మరో పూట రెట్టింపు తినడం డాక్టరును అడగకుండా చేయకూడదు. చక్కెర పడిపోవడం, ఎగరడం రెండూ ఒకేరోజు జరగొచ్చు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకు నూనె విందు రాత్రికి నొప్పి తెస్తుంది. ఇక తినడం మొదలుపెడితే ఆపలేకపోవడం, కడుపు నొప్పి పుట్టేదాకా ఒంటరిగా దాక్కుని తినడం, తరవాత కుమిలిపోవడం వారానికి ఒక్కసారైనా మూడు నెలలుగా జరుగుతుంటే, దానికి చీట్ డే అన్న పేరు సరిపోదు. అది చికిత్స ఉన్న జబ్బు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల లాంటి చోట చూపించుకోవాలి, డైట్ చార్టు మార్చుకుంటే పోయేది కాదు.

పెళ్లిళ్ల సీజన్లో, సంక్రాంతి వారంలో విందులు ఆదివారం కోసం ఆగవు. గురువారం పెళ్లి భోజనం ఉంటే ఆ వారం చీట్ పూట అదే, ఆదివారం మామూలు రోజు. ఒకే వారంలో మూడు విందులు తప్పనప్పుడు ఆ వారానికి బరువు తగ్గాలన్న లక్ష్యాన్ని పక్కన పెట్టి, పెరగకుండా చూసుకుంటే చాలు. తరవాతి సోమవారం మళ్లీ 1400 దగ్గర మొదలుపెట్టవచ్చు, 1000 దగ్గర కాదు.