యుద్ధానికి అడ్డుపడిన నగరాలు: మురసమే వంతెన నుంచి కోబే రేవు దాకా

1972 ఆగస్టు 5న జపాన్‌లోని యొకొహామాలో, మురసమే వంతెన దగ్గర అమెరికా సైన్యం ట్రైలర్లు ఆగిపోయాయి. వాటి మీద ఉన్నవి ఎం-48 ట్యాంకులు. సగామి డిపోలో మరమ్మతు పూర్తయ్యాక అవి రేవుకు చేరి, ఓడెక్కి వియత్నాం వెళ్లాలి. దారికి అడ్డంగా నిరసనకారులు బైఠాయించారు. నగరం దగ్గర మాత్రం ఇంకో ఆయుధం ఉంది, రోడ్ల నిబంధన. నిర్ణీత బరువు, వెడల్పు దాటిన వాహనం ఏదైనా సరే, ఆ రోడ్డును నిర్వహించే వాళ్ల అనుమతి లేకుండా కదలకూడదు. వంతెన నగరానిది. ట్యాంకు ఒక్కటే నలభై టన్నులు దాటుతుంది, ట్రైలర్ బరువు దానికి అదనం. అనుమతి లేదని మేయర్ ఇచియో అసుకాటా పట్టుబట్టారు. బండ్లు రెండు రోజులు అక్కడే ఉండి, వచ్చిన దారినే డిపోకు మళ్లాయి.

ఆ అక్టోబరులో జపాన్ కేంద్ర ప్రభుత్వం ఆ నిబంధననే సవరించి, అమెరికా సైనిక వాహనాలకు మినహాయింపు ఇచ్చింది. ఆ తర్వాతే ట్యాంకులు కదిలాయి. ఒక నగరం తన వంతెన బరువు లెక్కతో ఒక సైన్యాన్ని నెలల తరబడి ఆపడం, దాన్ని దాటడానికి దేశ ప్రభుత్వం రూల్ మార్చాల్సి రావడం చిన్న సంగతి కాదు.

యుద్ధాన్ని వ్యతిరేకించే నగరానికి రెండే దారులు. ఒకటి తీర్మానం చేసి తన మాట చెప్పడం. రెండోది తన ఆధీనంలో ఉన్న రోడ్డునో, రేవునో, కొనుగోళ్ల ఖాతానో అడ్డం పెట్టడం. ఈ రెంటికీ చట్టం దగ్గర దొరికే ఆదరణ ఒకటి కాదు. చర్చల్లో ఎక్కువగా కలగాపులగం అయ్యేది ఇక్కడే.

మాట చెప్పే హక్కు కూడా ఊరికే రాలేదు. 1966లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో డియర్‌బార్న్ నగరం వియత్నాం యుద్ధం మీద ఓటింగ్ పెడితే, వెనక్కి వచ్చేయాలన్న వాళ్లు 41 శాతం దాకా తేలారు. మరుసటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో తక్షణ కాల్పుల విరమణ, సేనల ఉపసంహరణ కోరుతూ పౌరులు సంతకాలు సేకరించారు. విదేశాంగ విషయం నగర పరిధిలోది కాదంటూ ఎన్నికల అధికారి దాన్ని బ్యాలెట్ మీద పెట్టనన్నారు. వ్యవహారం కాలిఫోర్నియా సుప్రీంకోర్టుకు వెళ్లింది. అమలు చేసే అధికారం లేని విషయాల మీద కూడా స్థానిక సభలు అభిప్రాయం ప్రకటించడం ఎప్పటినుంచో ఉన్నదేనని కోర్టు చెప్పి, బ్యాలెట్ మీద పెట్టాలని ఆదేశించింది. ఓటింగ్‌లో ఆ ప్రతిపాదన ఓడింది, వచ్చినవి దాదాపు 37 శాతమే. అదే నగరం 2004లో ఇరాక్ నుంచి సేనల్ని రప్పించాలన్న ప్రతిపాదనకు 63 శాతం మద్దతిచ్చింది.

కౌన్సిల్ తీర్మానానికి ఒక అచ్చు ఉంటుంది. ముందు కారణాలు చెప్పే పేరాలు, తర్వాత అసలు తీర్మాన వాక్యం, చివర ప్రతులు ఎవరెవరికి పంపాలో ఆదేశం. ఈ చివరిది మరిచిపోతే తీర్మానం మినిట్స్ పుస్తకం దాటి బయటికి రాదు. గొడవంతా కారణాల పేరాల్లో పుడుతుంది. యుద్ధం వద్దన్న దాంట్లో అందరూ కలిసినా, తప్పెవరిదన్న వాక్యం దగ్గర విడిపోతారు. 2003 జనవరి 16న షికాగో కౌన్సిల్ ఇరాక్ మీద ముందస్తు దాడిని 46-1తో వ్యతిరేకించింది. అమెరికాకు నిజమైన, తక్షణ ముప్పు ఉందని రుజువైతే తప్ప దాడి వద్దన్న షరతు ఆ వాక్యంలో ఉంది. అలాంటి షరతు పెడితే మధ్యలో ఊగే సభ్యులు చేయెత్తడం తేలికవుతుంది. మార్చి 12న న్యూయార్క్ కౌన్సిల్‌లో లెక్క 31-17. వారం తిరిగేసరికి యుద్ధం మొదలైంది. 2024 జనవరి 31న గాజాలో కాల్పుల విరమణ తీర్మానం మీద అదే షికాగో సభ సగానికి చీలితే, మేయర్ బ్రాండన్ జాన్సన్ ఓటుతో 24-23గా నెగ్గింది.

మాట దాటి చేతికి పని చెప్పినప్పుడు అమెరికా కోర్టులు అంత ఉదారంగా లేవు. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ ఓటర్లు ఆమోదించిన, నగరాన్ని అణురహిత ప్రాంతంగా ప్రకటించే చట్టాన్ని 1990లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. బర్మాతో వ్యాపారం చేసే సంస్థల దగ్గర ప్రభుత్వ కొనుగోళ్లను కట్టడి చేసిన మసాచుసెట్స్ రాష్ట్ర చట్టం 2000లో సుప్రీంకోర్టులో ఏకగ్రీవంగా వీగిపోయింది. విదేశాంగ, రక్షణ వ్యవహారాలు వాషింగ్టన్‌వేనన్నది ఓక్లాండ్ తీర్పుకూ, దీనికీ వెనక ఉన్న తర్కం. అందుకే అనుభవమున్న ముసాయిదాకారులు యుద్ధ తీర్మానంలో కాంట్రాక్టుల ఊసు ఎత్తరు. అది వేరే కాగితం, వేరే పోరాటం.

జపాన్‌లో కోబే నగరం మధ్యేమార్గం పట్టింది. అక్కడి 1950 నాటి చట్టం ప్రకారం రేవు నిర్వహణ స్థానిక సంస్థల చేతిలో ఉంటుంది. 1975 మార్చి 18న కోబే సభ, అణ్వాయుధాలున్న ఓడల్ని రేవులోకి రానివ్వబోమని తీర్మానించింది. విదేశీ యుద్ధనౌక ఏదైనా, తన మీద అణ్వాయుధాలు లేవని పత్రం ఇచ్చి లోపలికి రావచ్చు. ఇందులో ఏ దేశం పేరూ లేదు, ఫలానా దేశం ఓడలు రాకూడదన్న నిషేధమూ లేదు. అయితే తమ నౌకల్లో అణ్వాయుధాలు ఉన్నాయనీ లేవనీ చెప్పకపోవడం అమెరికా పద్ధతి. ఆ పత్రం ఇవ్వడం వాళ్ల వల్ల కాలేదు. దశాబ్దాల పాటు అమెరికా యుద్ధనౌకలు కోబే రేవుకు రాలేదు.